భౌతికశాస్త్రానికి బి.ఏ. పట్టా: ఐర్లండు విశ్వవిద్యాలయాలలో సామాన్య విద్య

డబ్లిన్ నగరం నడిబొడ్డున ఉన్న ట్రినిటీ కళాశాలలో నాలుగేళ్లు భౌతికశాస్త్రం చదివిన విద్యార్థికి స్నాతకోత్సవం నాడు చేతికిచ్చే పట్టా బి.ఎస్‌సి. కాదు, బి.ఏ. క్వాంటం యాంత్రికశాస్త్రం చదివినవారూ, గ్రీకు నాటకాలు చదివినవారూ ఒకే పేరుగల పట్టా పుచ్చుకుంటారు. మనవారికి ఇది వింతగా తోస్తుంది. "ఫిజిక్సు చదివించి బి.ఏ. ఇస్తారటండీ! రేపు ఇండియాలో ఎవరికైనా చూపిస్తే ఏమనుకుంటారు?" అని ఇక్కడి తెలుగు మిత్రుడొకరు నన్ను అడిగారు. ఆయన కుమార్తె భౌతికశాస్త్రం చదవాలని పట్టుబట్టింది. అమెరికాలో చదవాలా, ఐర్లండులోనే ఉండిపోవాలా అన్న తర్జనభర్జన ఇంట్లో నడుస్తున్నది. అమెరికా విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళికలు తిరగేస్తే, ఇంచుమించు పావు వంతు చదువు చరిత్ర, సాహిత్యం, అర్థశాస్త్రం వంటివాటికే పోతున్నట్లు కనబడింది. అంత ఫీజు కట్టి పిల్లచేత చరిత్ర చదివించడమెందుకన్నది ఆయన అసలు ప్రశ్న.

పట్టా పేరులో 'ఆర్ట్స్' ఉన్నచోట చదువులో అది దాదాపు లేదు. చదువులో ఉన్నచోట పట్టా పేరులో లేదు. ఈ తమాషా ఎలా వచ్చిందో తెలుసుకుంటే ఆయన ప్రశ్నకు సమాధానం కొంతవరకు దొరుకుతుంది. నేను వైద్యుణ్ణి, భౌతికశాస్త్రజ్ఞుణ్ణి కాను. అయితే పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో త్వరణం, ద్రవ్యవేగం, వక్రీభవనం అన్న మాటలతో భౌతికశాస్త్రాన్ని, అదే బడిలో పద్యాలను, మొఘలుల చరిత్రను కలిపి చదువుకొని, ఆ తరవాత బైపీసీలో చేరి చరిత్రకూ గణితానికీ ఒక్కసారే నీళ్లు వదిలిన తరంవాణ్ణి. ఈ విషయం మీద ఆసక్తి కలగడానికి ఆ పాటి అర్హత చాలుననుకుంటాను.

*

ముందు బి.ఏ. సంగతి. ఇందులోని 'ఆర్ట్స్' అన్న మాటకు మనం నేడు ఇచ్చుకునే అర్థం లేదు. మధ్యయుగపు ఐరోపా విశ్వవిద్యాలయాలలో ఏడు 'ఉదార కళలు' ఉండేవి. వ్యాకరణం, తర్కం, అలంకారశాస్త్రం మొదటి మెట్టు. అంకగణితం, రేఖాగణితం, ఖగోళశాస్త్రం, సంగీతం రెండో మెట్టు. అంటే నేడు మనం సైన్సు గ్రూపు అనుకునేదానిలో సగం ఆనాటి ఆర్ట్సు గ్రూపులోనే ఉండేది. 1592లో ఏర్పడిన ట్రినిటీ ఈ సంప్రదాయాన్నే పుణికిపుచ్చుకున్నది. భౌతికశాస్త్రానికి అక్కడ 1724లో ఏర్పడిన ఆచార్యపీఠానికి పెట్టిన పేరు 'ప్రకృతి తత్త్వశాస్త్రం, ప్రయోగ తత్త్వశాస్త్రం'. భౌతికశాస్త్రం తత్త్వశాస్త్రంలో ఒక శాఖ, తత్త్వశాస్త్రం ఆర్ట్సులో భాగం, కాబట్టి పట్టా బి.ఏ. కేంబ్రిడ్జిలోనూ ఇదే వరస. ట్రినిటీలో వైద్యపట్టా కావాలన్నా ఒకప్పుడు ముందు బి.ఏ. ఉండి తీరవలసిందే. ఇక్కడి వైద్యపట్టాల చివర నేటికీ ఉండే బి.ఏ.ఓ. అన్న మూడు అక్షరాలకు ప్రసూతి కళలో పట్టభద్రులని అర్థం. కాన్పు చేయడాన్ని కళగా గుర్తించి దానికొక పట్టా కేటాయించిన ఈ దేశపు ఆచారం నాకు మొదటినుంచీ ముచ్చటగానే ఉంటుంది.

ఆ పాత పద్ధతి ఎలాంటివారిని తయారుచేసిందో చెప్పడానికి విలియం రోవన్ హామిల్టన్ పేరు చాలు. 1823లో ట్రినిటీలో చేరిన ఈ యువకుడు అక్కడ అరుదుగా ఇచ్చే 'ఆప్టిమే' అన్న అత్యున్నత శ్రేణిని రెండు విషయాలలో సాధించాడు. ఒకటి గ్రీకు, రెండోది గణిత భౌతికశాస్త్రం. పట్టా చేతికి రాకముందే, 1827లో, ఖగోళశాస్త్ర ఆచార్యుడయ్యాడు. చిన్ననాటనే సంస్కృతంతో సహా అనేక భాషలతో పరిచయం చేసుకున్నాడు. కవిత్వం రాశాడు. వర్డ్స్‌వర్త్‌తో స్నేహం చేశాడు. ఆ కవి 1829లో డన్సింక్ వేధశాలకు వచ్చి అతని ఇంట బస చేశాడు. నీకు గణితమే తగునని హామిల్టన్‌ను సున్నితంగా దారి మళ్లించినదీ ఆ కవే. 1843 అక్టోబరు 16న రాయల్ కాలువ గట్టున నడుస్తూ క్వాటర్నియన్ల సూత్రం తట్టగానే బ్రూమ్ వంతెన రాతి మీద దాన్ని చెక్కిన కథ అందరికీ తెలిసినదే. గ్రీకు రావడం వల్లనే క్వాటర్నియన్లు పుట్టాయని నేను అనను. అలా అనేవారు చాలామంది ఉన్నారు. అది నిరూపించరాని మాట. గ్రీకు చదివినందువల్ల అతని గణితానికి లోటేమీ జరగలేదని మాత్రం నిశ్చయంగా చెప్పవచ్చు.

దీనికి తిరగేసిన ఉదాహరణ డబ్లిన్‌కు పడమట ఉన్న మేనూత్‌లో దొరుకుతుంది. 1795లో కాథలిక్ పురోహితుల శిక్షణ కోసం పెట్టిన కళాశాల అది. దైవశాస్త్రం వైపు వెళ్లే విద్యార్థి దారిలో ప్రకృతి తత్త్వశాస్త్రం కూడా చదవవలసి ఉండేది. ఆ పాఠాలు చెప్పడానికి 1826లో నియమితుడైన నికొలస్ కాలన్ స్వయంగా పురోహితుడు. పాఠం చెప్పడంతో ఆగక, 1836లో విద్యుత్ ప్రేరణ చుట్టను నిర్మించాడు. ఒక మతకళాశాలలో భౌతికశాస్త్రం సామాన్య విద్యలో భాగంగా ఉన్నది కాబట్టే, ఆ పరికరానికి అక్కడ పుట్టే అవకాశం కలిగింది. మన చర్చలలో సామాన్య విద్య అంటే భౌతికశాస్త్ర విద్యార్థిని సాహిత్యం తరగతిలో కూర్చోబెట్టడమే అనుకుంటాం. సాహిత్యం విద్యార్థిని భౌతికశాస్త్రం తరగతిలో కూర్చోబెట్టడం కూడా అందులో సగభాగం.

*

విశ్వవిద్యాలయ చదువు ఏ ప్రయోజనం కోసం అన్న ప్రశ్న మీద ఆంగ్లంలో వచ్చిన ప్రసిద్ధ గ్రంథాలలో ఒకటి ఈ డబ్లిన్‌లోనే పుట్టింది. కాథలిక్ విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పే పనిమీద వచ్చిన జాన్ హెన్రీ న్యూమన్ 1852లో ఇక్కడ వరసగా ఉపన్యాసాలిచ్చాడు. 'ది ఐడియా ఆఫ్ ఎ యూనివర్సిటీ' అన్న పుస్తకానికి అవే మూలం. ఆయన వాదంలో నాకు నచ్చిన అంశం ఒకటున్నది. విద్యలన్నీ ఒకదానినొకటి పట్టి నిలబెట్టే స్తంభాలు. అందులో ఒకదాన్ని తొలగిస్తే ఆ చోటు ఖాళీగా ఉండదు, పక్కనున్న విద్య తనది కాని ఆ జాగాను ఆక్రమించి, తనకు తెలియని విషయాల మీద తీర్పులివ్వడం మొదలుపెడుతుంది. న్యూమన్ ఈ మాట దైవశాస్త్రాన్ని దృష్టిలో పెట్టుకొని అన్నాడు. ఆ పట్టింపు లేని నాబోటివాడికి కూడా అది వర్తించే సందర్భాలు రోజూ కనబడుతూనే ఉంటాయి. చరిత్ర చదవని ఇంజనీరు చరిత్ర గురించి మాట్లాడకుండా ఊరుకుంటాడా? ఊరుకోడు. మన వాట్సాప్ బృందాలే సాక్ష్యం.

న్యూమన్ విశ్వవిద్యాలయం 1854లో సెయింట్ స్టీఫెన్స్ గ్రీన్‌లో తెరుచుకున్నది. ఉదార విద్య కోసం పెట్టిన ఆ సంస్థలో నిజంగా పుంజుకున్నది మాత్రం 1855లో సిసీలియా వీధిలో మొదలైన వైద్యపాఠశాల. విద్య విద్య కోసమేనన్న ఉపన్యాసాలు విన్న నగరం, చివరకు తన కొడుకులను వైద్యానికి పంపింది. ఇది తెలిసినప్పుడు మా ఊరు గుర్తుకొచ్చింది. న్యూమన్ 1858లో తిరిగి వెళ్లిపోయాడు. 1908 చట్టంతో ఏర్పడిన నేషనల్ యూనివర్సిటీలో, ఆ సంస్థకు వారసురాలైన యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్, 1849లో తెరుచుకున్న కార్క్, గాల్వే కళాశాలలు భాగమయ్యాయి. అప్పటికి బ్రిటన్‌లోవలెనే ఇక్కడ కూడా 'ఆనర్స్' పద్ధతి స్థిరపడిపోయింది. ఒకటో రెండో విషయాలు ఎంచుకొని వాటిలోనే లోతుగా తవ్వడం ఆ పద్ధతి. ప్రోటాన్లతో పరమాణు కేంద్రకాన్ని చీల్చి, 1951లో నోబెల్ బహుమతిని పంచుకున్న అర్నెస్ట్ వాల్టన్ ట్రినిటీలో చదివినది గణితం, భౌతికశాస్త్రం. లోతు చదువు మనుషులను పాడుచేస్తుందని వాదించేవారు వాల్టన్‌కు జవాబు చెప్పాలి.

సముద్రానికి అవతల అమెరికా వేరే దారి పట్టింది. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి సంవత్సరం, 1919లో, కొలంబియా విశ్వవిద్యాలయం సమకాలీన నాగరికత అన్న పాఠాన్ని ప్రవేశపెట్టింది. రెండో యుద్ధం ముగిసిన 1945లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం స్వేచ్ఛాసమాజంలో సామాన్య విద్య ఎలా ఉండాలో వివరిస్తూ ఒక నివేదిక వెలువరించింది. దాన్ని రాయించిన అధ్యక్షుడు జేమ్స్ కోనంట్ రసాయనశాస్త్రజ్ఞుడు, అణుబాంబు కార్యక్రమంలో ముఖ్యపాత్ర వహించినవాడు. సైన్సు అంటే ఏమిటో తెలియని పౌరులు, పౌరజీవితమంటే ఏమిటో తెలియని శాస్త్రజ్ఞులు ఉన్న దేశంలో అటువంటి ఆయుధం ఉండడం ఎంత ప్రమాదకరమో అతనికి వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. సైన్సేతర విద్యార్థులకు సైన్సును చరిత్ర ద్వారా బోధించే పాఠాన్ని తానే మొదలుపెట్టి, సాయానికి భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తున్న థామస్ కూన్ అన్న యువకుణ్ణి పిలిచాడు. ఆ పాఠం కోసం అరిస్టాటిల్ గతిశాస్త్రాన్ని చదవబోయిన కూన్ భౌతికశాస్త్రం వదిలి చరిత్రకారుడైపోయి, 1962లో శాస్త్రవిప్లవాల మీద తన ప్రసిద్ధ గ్రంథం ప్రచురించాడు. సామాన్య విద్య వల్ల భౌతికశాస్త్రానికి ఒక మనిషి నష్టమయ్యాడని ఎవరైనా అంటే కాదనలేం.

నేడు ఎం.ఐ.టి.లో భౌతికశాస్త్రం చదివేవారైనా సరే, సాహిత్యం, కళలు, సాంఘికశాస్త్రాలలో ఎనిమిది కోర్సులు పూర్తిచేయాలి. అంటే సగటున సెమిస్టరుకొకటి. కాల్టెక్‌లో పట్టాకు కావలసిన 486 యూనిట్లలో 108 ఈ విషయాలకే పోతాయి. నా మిత్రుడు లెక్కగట్టిన పావు వంతు ఇదే. అదే ఎం.ఐ.టి.లో అర్థశాస్త్రం చదవదలచినవారు కూడా రెండు సెమిస్టర్ల భౌతికశాస్త్రం చదవక తప్పదని ఆయన గమనించలేదు.

*

ఇక నేటి ఐర్లండు. ఐరోపా అంతటికీ ఉమ్మడిగా ఉన్న క్రెడిట్ల లెక్కలో ఏడాదికి 60, నాలుగేళ్ల పట్టాకు 240. యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్ 2005లో తన చదువులన్నిటినీ ఐదేసి క్రెడిట్ల మాడ్యూళ్లుగా విడగొట్టి, ఏడాదికి పన్నెండింటిలో రెండింటిని విద్యార్థి ఇష్టానికి వదిలింది. కావాలంటే భౌతికశాస్త్ర విద్యార్థి ఐరిష్ జానపదగాథలు చదవవచ్చు, వద్దనుకుంటే ఆ రెండు కూడా సైన్సులోనే తీసుకోవచ్చు. తప్పనిసరి ఏమీ లేదు. ట్రినిటీలో భౌతిక విజ్ఞానాల పట్టాకు చేరినవారు మొదటి ఏడు భౌతికశాస్త్రం, గణితం ముఖ్యంగా చదువుతూ, తక్కిన చోటును రసాయనశాస్త్రం, భూవిజ్ఞానం వంటి పక్క శాస్త్రాలతో నింపుకుంటారు. తమ శాఖకు సంబంధించని విషయం చదివే అవకాశం 'ట్రినిటీ ఎలెక్టివ్‌లు' అన్న పేరుతో నడిమి సంవత్సరాలలో వస్తుంది. ఒక్కొక్కటి ఐదు క్రెడిట్లు. 240లో ఐదో పదో అన్నమాట. అమెరికావారి పావు వంతు పక్కన పెడితే ఇది ఊరగాయ ముక్క.

ఇంత తక్కువ ఎందుకంటే, భౌతికశాస్త్రం మెట్లమీద మెట్లుగా కట్టిన శాస్త్రం. సదిశ కలనగణితం రానిదే విద్యుదయస్కాంత సిద్ధాంతం అందదు. అవకలన సమీకరణాలు, రేఖీయ బీజగణితం రానిదే క్వాంటం యాంత్రికశాస్త్రం మొదటి పాఠం కూడా నడవదు. అది రానిదే ఘనస్థితి భౌతికశాస్త్రం లేదు. ఒక మెట్టు ఆలస్యమైతే పై మెట్లన్నీ వెనక్కి జరుగుతాయి. వీటికి తోడు ప్రయోగశాల, నాలుగో ఏడు పరిశోధన ప్రాజెక్టు ఉంటాయి. బ్రిటన్, ఐర్లండులలోని భౌతికశాస్త్ర పట్టాలకు గుర్తింపునిచ్చే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్ ఇవన్నీ ఉన్నాయో లేదో చూస్తుంది. అమెరికాలో ఈ మెట్లలో పై వరసను పిహెచ్.డి. మొదటి రెండేళ్ల తరగతులకు వాయిదా వేస్తారు. ఐర్లండులో పిహెచ్.డి. అంటే చేరిన నాటినుంచే పరిశోధన, కాబట్టి వాయిదా వేయడానికి వీలు లేదు. ఒక్క పట్టాల మధ్యనే పోలిక పెడితే అందుకే పొరపాటు పడతాం.

అయితే ఐర్లండు సామాన్య విద్యను వదిలివేయలేదు. దాన్ని బడిలోనే ముగించింది, అంతే. ఇక్కడి పిల్లలు పద్దెనిమిదో ఏట రాసే లీవింగ్ సర్టిఫికెట్ పరీక్షలో సాధారణంగా ఏడు విషయాలుంటాయి. ఆరింటి మార్కులు లెక్కలోకి వస్తాయి. ఒక్కొక్కదానికి గరిష్ఠంగా వంద పాయింట్లు, పైస్థాయి గణితానికి అదనంగా ఇరవై ఐదు, మొత్తం 625. భౌతికశాస్త్రం, గణితం ఎంత బాగా వచ్చినా ఆ రెంటితో 225కు మించదు. మిగిలిన నాలుగువందలు ఎక్కడో అక్కడ తెచ్చుకోవాలి. ఆంగ్లం, గణితం, ఐరిష్ దాదాపు అందరికీ ఉంటాయి. తరవాత ఒక ఐరోపా భాష, చరిత్రో భూగోళమో, రెండు విజ్ఞానశాస్త్రాలు. పైస్థాయి ఆంగ్లం తీసుకుంటే షేక్స్‌పియర్ నాటకమొకటి, నిర్దేశించిన కవులు కొందరు తప్పరు. రేపు కృష్ణబిలాల మీద పరిశోధన చేయబోయే పిల్ల ఈ ఏడు యేట్స్ కవిత్వం మీద వ్యాసం రాస్తుంది.

దీనికి ముందు, చాలా బడులలో, 'ట్రాన్సిషన్ ఇయర్' అన్న ఒక సంవత్సరం ఉంటుంది. 1974లో విద్యామంత్రి రిచర్డ్ బర్క్ ప్రవేశపెట్టిన ఏర్పాటు ఇది. పదిహేను, పదహారేళ్ల వయసులో ఒక ఏడాదిపాటు ప్రభుత్వ పరీక్ష లేకుండా నాటకాలు, స్వచ్ఛందసేవ, ఏదైనా దుకాణంలోనో ఆసుపత్రిలోనో కొన్ని వారాల పని, కొత్త విషయాల రుచి. మన తల్లిదండ్రులు దీన్ని చూసి బెంబేలెత్తుతారు. "ఏడాది వృథా" అంటారు. వీలున్నచోట దాన్ని దాటించి పిల్లలను ముందుకు నెడతారు. హైదరాబాదులో వాళ్ల వయసువాళ్లు ఉదయం ఆరింటికి ఐఐటీ కోచింగులో కూర్చుంటున్నారన్న బెంగ మనసులో తొలుస్తూ ఉంటుంది. మా విభాగానికి ఆ ఏడాదిలో పనిచూడటానికి వచ్చే పిల్లలతో మాట్లాడినమీదట నా అభిప్రాయం వేరు. ముసలి రోగి పక్కన కూర్చొని పదిహేను నిమిషాలు కబుర్లు చెప్పగలగడం వాళ్లు ఆ ఏడు నేర్చుకునే విద్య.

ఈ పద్ధతి నిర్దోషమని నేను అనడం లేదు. పాయింట్ల పరుగు ఇక్కడా ఉన్నది. 'గ్రైండ్స్' అన్న పేరుతో ట్యూషన్లున్నాయి. యేట్స్ మీద వ్యాసాన్ని బట్టీపట్టి దించేవారున్నారు. పాయింట్లు సులభంగా వస్తాయని విషయాన్ని ఎంచుకునేవారూ ఉన్నారు. అయినా బట్టీపట్టిన యేట్స్ కూడా యేట్సే. నాకు పదో తరగతిలో బట్టీపట్టించిన పద్యాలు అప్పట్లో అర్థమై వచ్చినవి కావు.

*

మన దగ్గర ఏం జరిగింది? స్వతంత్రం రాగానే 1948లో విశ్వవిద్యాలయ విద్య మీద వేసిన సంఘానికి సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షుడు. అంతకు ముందు, 1931 నుంచి 1936 వరకు, ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షుడు. సభ్యులలో భౌతికశాస్త్రజ్ఞుడు మేఘనాథ్ సాహా, వైద్యుడు లక్ష్మణస్వామి మొదలియార్, అమెరికా విద్యావేత్తలు ఇద్దరు ఉన్నారు. తత్త్వవేత్త, భౌతికశాస్త్రజ్ఞుడు, వైద్యుడు ఒకచోట కూర్చొని 1949లో ఇచ్చిన నివేదికలో, సామాన్య విద్య ప్రతి విద్యార్థికీ అందాలని, సైన్సు విద్యార్థికి మానవీయ శాస్త్రాలూ, ఆర్ట్సు విద్యార్థికి సైన్సూ తెలియాలని సూచించారు. ఆ సూచన కళాశాలకు చేరేసరికి ఏమైందో మనందరికీ అనుభవమే. ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ, బైపీసీ, సీఈసీ అన్న గోడలు లేచాయి. గోడకవతల మిగిలిన ఒకే కిటికీ రెండో భాష. అందులోనూ సంస్కృతం రాకపోయినా సంస్కృతంలో నూటికి తొంభై దాటవచ్చునన్న బహిరంగ రహస్యం తెలుగును పక్కకు నెట్టింది. డిగ్రీలో భారతీయ వారసత్వం, సంస్కృతి అనీ, పర్యావరణ అధ్యయనం అనీ తప్పనిసరి పత్రాలు వచ్చాయి. వాటిని విద్యార్థులు పరీక్షకు ముందురోజు గైడు కొని గట్టెక్కే పత్రాలుగానే చూశారు. ఒక చదువును తప్పనిసరి చేసి, దాన్ని చెప్పడానికి తగిన అధ్యాపకుణ్ణి ఇవ్వకపోవడం కన్న దానికి జరిగే అపకారం మరొకటి లేదు. 2020 జాతీయ విద్యావిధానం మళ్లీ బహువిషయ విద్య అన్నది. అయితే, 2023–24 నుంచి ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలలు గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం సమానంగా చదివే పాత పద్ధతిని వదిలి, ఒకే ప్రధాన విషయం, దానికి తోడు ఒక ఉపవిషయం అన్న పద్ధతిలోకి మారాయి. పేరు విస్తరణ, దారి సంకోచం అన్నట్లున్నది.

మూడు దేశాలనూ పక్కపక్కన పెడితే లెక్క తేలుతుంది. అమెరికా సామాన్య విద్యను పద్దెనిమిది నుంచి ఇరవై రెండేళ్ల మధ్య పెట్టింది. ఐర్లండు పద్దెనిమిదిలోపు పెట్టింది. మనం పదిహేనుతో ఆపేశాం. ఒకే దేశంలో చదువు మొదలుపెట్టి అక్కడే ముగించేవారికి ఏదో ఒకచోట అది అందుతుంది. దేశం మారేవారికే చిక్కు. హైదరాబాదులో ఎంపీసీ చదివి ఐర్లండుకు భౌతికశాస్త్రానికో ఇంజనీరింగుకో వచ్చే పిల్లవాణ్ణి తీసుకోండి. ఇక్కడి విశ్వవిద్యాలయం, కొత్త విద్యార్థి చరిత్ర, సాహిత్యం, మరో భాష పద్దెనిమిదేళ్ల వరకు చదివే వచ్చాడన్న నమ్మకంతో లోతు చదువు మొదలుపెడుతుంది. అతడు వాటిని పదిహేనో ఏట వదిలేశాడు. ఇరవై రెండేళ్లకు పట్టా చేతికి వచ్చేసరికి ఏడేళ్లుగా చరిత్ర పుస్తకం తెరవలేదు, ఒక పూర్తి వ్యాసం సొంత మాటలలో రాయలేదు. తెలివి తక్కువై కాదు. రెండు వ్యవస్థల నడుమనున్న సందులో పడిపోయాడు.

ఈ లోటు మొదట రాతలో బయటపడుతుంది. ప్రయోగశాల నివేదికలో సమీకరణాలన్నీ సరిగానే ఉంటాయి, ఈ ఫలితం ఎందుకు నమ్మదగినదో చెప్పే పేరా ఉండదు. తరవాత మనుషుల మధ్య బయటపడుతుంది. ఇక్కడి రోగిని ఎలా ఉన్నావని అడిగితే "గ్రాండ్" అంటాడు. గుండెనొప్పితో వచ్చినవాడూ అదే మాట అంటాడు. ఆ మాట వెనక ఉన్నదేమిటో వైద్యగ్రంథంలో దొరకదు. ఊరి పేర్ల పలకల మీద రెండు భాషలెందుకున్నాయి, 1845లో మొదలైన కరవు ఊసెత్తితే ముసలివాళ్ల గొంతు ఎందుకు మారుతుంది, 1998 ఒప్పందం దేనిని ఆపింది – ఇవి తెలియకుండా ఈ దేశంలో పాతికేళ్లు బతకవచ్చు. బతుకుతున్నవారున్నారు.

మన ఇళ్లలోనే పుట్టి పెరిగే పిల్లలకు ఈ సందు లేదు, కాని మనమే తవ్వుతుంటాం. బయటిదేశంలో కొన్నేళ్లు చదివి వచ్చిన పిల్లలకు, కొన్ని షరతులకు లోబడి, ఐరిష్ భాష నుంచి మినహాయింపు దొరుకుతుంది. దొరికిన వెంటనే తీసుకోవాలని మనవారిలో ఒకరికొకరు చెప్పుకుంటారు. పన్నెండేళ్లు దాటి వచ్చిన పిల్లకు అది న్యాయమే. ఆ గంటలలో ఏమి చదివించాలన్నది మాత్రం ఎవరూ అడగరు. సాధారణంగా అవి మరింత గణితంగా మారిపోతాయి. తెలుగు లీవింగ్ సర్టిఫికెట్‌లో లేదు కాబట్టి ఆ దారీ లేదు.

*

లోతు, విస్తృతి రెండూ ఒకచోట ఇమడవని అనుకునేవారు డబ్లిన్‌లోని బర్లింగ్టన్ రోడ్డు వైపు ఒకసారి చూడాలి. 1940లో ఈమన్ డి వాలెరా ఒక ఉన్నత పరిశోధన సంస్థను పార్లమెంటు చట్టం ద్వారా స్థాపించాడు. ప్రధానమంత్రి కాకముందు ఆయన గణితం ఉపాధ్యాయుడు. యుద్ధకాలంలో, డబ్బులేని దేశంలో, ఆయన మొదట తెరిచినవి రెండే శాఖలు. ఒకటి కెల్టిక్ అధ్యయనాలు, రెండోది సైద్ధాంతిక భౌతికశాస్త్రం. పాత ఐరిష్ వ్రాతప్రతులు చదివేవారూ, క్షేత్రసిద్ధాంతం రాసేవారూ ఒకే సంస్థ ఉద్యోగులు. దీన్ని వెక్కిరించినవారూ ఉన్నారు. ఇద్దరు సెయింట్ పాట్రిక్‌లు ఉన్నారనీ, దేవుడు మాత్రం లేడనీ ఈ సంస్థ తేల్చిందని హాస్యరచయిత ఫ్లాన్ ఒబ్రయన్ తన పత్రికా శీర్షికలో చమత్కరించాడు.

భౌతికశాస్త్ర శాఖకు తొలి అధిపతి ఎర్విన్ ష్రోడింగర్. 1939లో డబ్లిన్ చేరి 1956 వరకు ఇక్కడే ఉన్నాడు. వియన్నాలో లాటిన్, గ్రీకు ప్రధానంగా చెప్పే బడిలో చదివినవాడు, ఉపనిషత్తులను ఇష్టపడినవాడు. 1943 ఫిబ్రవరిలో ట్రినిటీలో ఆయన ఇచ్చిన ఉపన్యాసాలు మరుసటి ఏడు 'వాట్ ఈజ్ లైఫ్?' అన్న చిన్న పుస్తకంగా వచ్చాయి. వంశపారంపర్య సమాచారం ఒక క్రమబద్ధం కాని స్ఫటికంలో లిఖించి ఉండాలన్న ఆయన ఊహ జేమ్స్ వాట్సన్‌ను, ఫ్రాన్సిస్ క్రిక్‌ను డి.ఎన్.ఏ. వైపు నడిపించిన ప్రేరణలలో ఒకటి. 1953లో క్రిక్ ఆ సంగతి చెబుతూ ఆయనకు ఉత్తరం రాశాడు. 1950లో యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్‌లో ఇచ్చిన మరికొన్ని ఉపన్యాసాలలో ష్రోడింగర్ నేరుగా మన విషయాన్నే ఎత్తుకున్నాడు. విడిగా చూస్తే ఏ ప్రత్యేక పరిశోధనకూ విలువ లేదనీ, మనమెవరమన్న ప్రశ్నకు తక్కిన జ్ఞానంతో కలిసి జవాబివ్వడంలోనే దానికి విలువ వస్తుందనీ ఆయన అభిప్రాయం. ఆ మాట అన్నది సాహిత్యాచార్యుడు కాదు, తన పేరుతో ఒక సమీకరణం ఉన్న మనిషి.

ఇక పిల్లల దరఖాస్తు సమయానికి ఉపయోగపడే నాలుగు మాటలు. ఐర్లండులో చదివిన పిల్ల భౌతికశాస్త్రం మీద మనసు స్థిరపరచుకొని ఉంటే ఇక్కడి పట్టా చాలు. సామాన్య విద్య బడిలో చాలావరకు అయిపోయింది. మనసు స్థిరపడకపోతే, లేక భౌతికశాస్త్రంతోపాటు సంగీతమో తత్త్వశాస్త్రమో లోతుగా చదవాలని ఉంటే, అమెరికా పద్ధతిలోని ఆ పావు వంతు వృథా కాదు. అది ఆ పిల్ల కోసమే ఉన్నది. హైదరాబాదు, విజయవాడల నుంచి ఇంటర్మీడియట్ ముగించి వచ్చే మేనల్లుళ్ల, మేనకోడళ్ల సంగతి వేరు. వారికి దొరికే ఐదో పదో క్రెడిట్లను ప్రోగ్రామింగుకు మరొక మాడ్యూల్‌గా ఖర్చు చేయనివ్వకండి. వ్యాసం రాయించి, దిద్ది, తిరిగిచ్చే మాడ్యూల్ ఏదో ముందే కనుక్కోండి. ఐర్లండు చరిత్రో, ప్రారంభస్థాయి ఐరిషో, విజ్ఞానశాస్త్ర తత్త్వమో, ఏదైనా సరే.

దేశంలో ఉన్నవారి దరఖాస్తులు గాల్వేలోని కేంద్ర కార్యాలయానికి ఫిబ్రవరి 1లోగా చేరాలి. మనసు మార్చుకోవడానికి జులై 1 వరకు గడువున్నది. ఇండియా నుంచి వచ్చేవారు నేరుగా విశ్వవిద్యాలయానికే రాసుకోవాలి. ఎలెక్టివ్‌ల నమోదు తరగతులు మొదలయ్యే రోజులలోనే జరుగుతుంది. మంచివాటిలో సీట్లు త్వరగా నిండిపోతాయి.